మరల ఆకాశంలోకి

పరకాల చుట్టుపట్ల గ్రామాలలో తాటివనాలను ఎరుగనివారు ఉండరు. కల్లు కాలం ముగిసిన పిమ్మట కొన్ని నెలలపాటు చెట్టుకు దూరమైన గౌడన్న, తిరిగి మొదటిసారి చెట్టెక్కబోయే ఉదయాన ఏమి చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? అనుభవం కలవాడైతే ముందుగా మోకును చేతిలోకి తీసుకొని, ఆ కొసనుండి ఈ కొసవరకు వ్రేళ్ళతో తడిమి చూస్తాడు. ఎక్కడైనా పేట అరిగినదా, ఎలుక కొరికినదా, వానకాలపు తేమకు మెత్తబడినదా అని పరీక్షిస్తాడు. ముస్తాదు సరిచూసుకొంటాడు. కాటమయ్యకు మ్రొక్కి, తనకు బాగా అలవాటైన చెట్టుతోనే ఆరంభిస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఎక్కుతున్నవాడికి ఇంత జాగ్రత్త దేనికని కుర్రవాడెవడైనా అడిగితే, “చెట్టుకు నిరుటి సంగతి యాది ఉండదు బిడ్డా” అనగలడు.

ఈ మాటలోని సత్యం తాటిచెట్టుకంటె ఎన్నో రెట్లు ఎత్తునుండి నేలకు దిగేవారి చరిత్రలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నేటి మన విషయం గాలిగొడుగు, అనగా పారాషూట్. దానిని కనిపెట్టినవారి సాహసాన్ని గురించి చదువుతూనే ఉంటాము. కాని దానితో దూకడం నేర్చి, కొంతకాలం విడిచిపెట్టి, తిరిగి చేపట్టినవారి కథ అంతగా వినబడదు. మొదటిసారి దూకేవాడికి భయం తోడుగా ఉంటుంది. ఆ భయమే అతనిని జాగరూకుడిని చేస్తుంది. విరామం తరువాత దూకేవాడికి తోడుగా ఉండేది పాత పేరు, పాత ధైర్యం. ఇవి రెండూ మనిషిని విమానం వాకిలివరకు తీసుకొని పోతాయి. ఆ తరువాతి పని చేతులది.

గాలిగొడుగు తెలంగాణ పల్లెలకు వింత వస్తువేమీ కాదు. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పై ఆకాశాన్ని పరిశోధించే పరికరాలను పైకి పంపుతున్నది. పని ముగిసిన తరువాత ఆ పరికరాలు గాలిగొడుగుల సాయంతోనే మన చేలలోనూ చెలకలలోనూ దిగుతాయి. దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీలో స్నాతక కవాతు జరిగే రోజున ‘ఆకాశగంగ’ దళంవారు రంగు రంగుల గొడుగులతో మైదానంలో వాలడాన్ని చూచినవారు మన శ్రోతలలో ఉండవచ్చును. వారు ఎంత సులువుగా వాలుతారో చూచినప్పుడు, ఈ విద్య ఒకసారి వస్తే ఇక పోదని మనకు తోస్తుంది. చరిత్ర మాత్రం అట్లా చెప్పడం లేదు.

1797వ సంవత్సరం అక్టోబరు 22న పారిస్ నగరంలో ఆంద్రే జాక్ గార్నెరిన్ అనే ఫ్రెంచివాడు బెలూనులో పైకి వెళ్ళి, పట్టుగుడ్డ గొడుగు క్రింద వ్రేలాడే బుట్టలో నిలిచి, బెలూనుతో సంబంధాన్ని త్రెంచుకొని నేలకు దిగాడు. గొడుగు తెరుచుకొన్నది గాని, బుట్ట గడియారపు లోలకంవలె విపరీతంగా ఊగినది. గొడుగు శిఖరాన చిన్న రంధ్రం ఉంచితే లోపల చిక్కుకొన్న గాలి దానిగుండా పోయి ఈ ఊపు తగ్గుతుందని తరువాత గ్రహించారు.

గార్నెరిన్ 1802లో లండనులో దిగినప్పుడు ఆ ఊపును చూచిన ప్రేక్షకులలో రాబర్ట్ కాకింగ్ అనే చిత్రకారుడు ఉన్నాడు. గొడుగును తలక్రిందులుగా, గరాటు ఆకారంలో కడితే ఊగదని అతడు సిద్ధాంతం చేశాడు. ఆ సిద్ధాంతాన్ని మనస్సులో మోస్తూ 35 ఏళ్ళు గడిపాడు. 1837 జులైలో, తన 61వ ఏట, ఎన్నడూ దూకిన అనుభవం లేకుండానే, సుమారు 5,000 అడుగుల ఎత్తున బెలూనునుండి తన గరాటుతో విడివడ్డాడు. గొడుగు బరువు మితిమీరినది, కట్టు బలహీనమైనది. అది గాలిలోనే విరిగిపోయినది. కాకింగ్ మరణించాడు. తలలో ఎంతకాలం మ్రగ్గిన జ్ఞానమైనా చేతి అనుభవానికి బదులు కాదని ఆనాడే తేలినది.

మన దేశంలో ఈ విద్యకు శ్రీకారం చుట్టినవాడు వంగదేశీయుడైన రామచంద్ర చటర్జీ. అతడు వ్యాయామ విద్యలో ఆరితేరినవాడు. పెర్సివల్ స్పెన్సర్ అనే ఆంగ్లేయుడు కలకత్తా వచ్చి బెలూను ప్రదర్శనలిస్తున్నప్పుడు, చటర్జీ 1889లో మొదట అతనితో కలిసి పైకి వెళ్ళాడు. తరువాత అదే సంవత్సరం ఒంటరిగా వెళ్ళాడు. 1890లోగాని గాలిగొడుగుతో దూకలేదు. మెట్టు తరువాత మెట్టు ఎక్కిన ఈ క్రమం గమనింపదగినది. రెండేళ్ళ తరువాత, 1892 మార్చిలో, ఢాకా నవాబు ఆహ్వానంపై వచ్చిన జెనెట్ వాన్ టాసెల్ అనే అమెరికా యువతి బెలూనునుండి దూకినది. గొడుగు చక్కగానే తెరుచుకొన్నది. కాని గాలి ఆమెను ఒక చెట్టుపైకి తోసినది. చెట్టునుండి దింపబోయిన ప్రయత్నంలో వెదురు విరిగి ఆమె క్రిందపడి, ఆ గాయాలతో మరణించినది. గొడుగు తెరుచుకోవడంతో ప్రమాదం ముగియదని, నేలపై నిలకడగా రెండు పాదాలు ఆనేవరకు దూకడం పూర్తి కాలేదని ఈ దుర్ఘటన బోధిస్తున్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో బెలూను స్థానాన్ని విమానం ఆక్రమించినది. మనిషి విమానంనుండి దూకి, కొంతసేపు గొడుగు లేకుండా పడి, తానే త్రాడు లాగి గొడుగు తెరుచుకోగలడా? అట్లా పడేవాడికి స్పృహ తప్పుతుందని పెద్దలు నమ్మేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలోని మెకుక్ మైదానంలో లెస్లీ ఇర్విన్ ఈ నమ్మకాన్ని త్రోసిపుచ్చాడు. స్పృహతో పడి, స్వహస్తంతో గొడుగు విప్పి, నేలకు చేరాడు. చేరేటప్పుడు చీలమండ విరిగినది! అనగా ఆకాశంలోని పని నేర్చాడు. నేలను తాకే పని ఇంకా నేర్వవలసి ఉన్నది. కాళ్ళు, మోకాళ్ళు దగ్గరగా ఉంచి, నేల తగలగానే ప్రక్కకు దొర్లి, దెబ్బను దేహమంతటా పంచే పద్ధతిని తరువాత సైనిక శిక్షణాలయాలు నియమంగా నేర్పినవి.

ఈ శిక్షణ భారత సైన్యానికి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అందినది. 1941 అక్టోబరులో 50వ పారాషూట్ బ్రిగేడు ఏర్పడినది. ఆ నెలలోనే డాక్టరు ఎ. జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురా సింగ్ దూకి, భారత సైనికులలో ప్రథములైనారు. అయితే ఆ బ్రిగేడు చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. ఆకాశంనుండి దిగడానికై తర్ఫీదు పొందిన ఆ సైనికులు 1944 మార్చిలో మణిపురంలోని సాంగ్షక్ వద్ద నేలమీదనే, సామాన్య పదాతులవలె, భీకర యుద్ధం చేయవలసి వచ్చినది. గొడుగుల అవసరం 1945 మే 1న, రంగూను సముద్రముఖంలోని ఎలిఫెంటు పాయింటు వద్ద ఏర్పడినది. ఆ పనికై గూర్ఖా పారాషూట్ పటాలాలనుండి ఒక మిశ్రమ పటాలాన్ని కూర్చారు. వీరంతా శిక్షణ పొందినవారే, యుద్ధం ఎరిగినవారే. అయినా రావల్పిండి దగ్గరి చక్లాలాలో వారిని చేర్చి, తిరిగి తర్ఫీదు ఇచ్చిన తరువాతనే యుద్ధానికి పంపారు. పాత సైనికుడిని కొత్త శిష్యునివలె మరల మొదటి మెట్టున నిలపడం అవమానం కాదని, అది సైన్యధర్మమని ఆనాటి అధికారులు ఎరుగుదురు.

దేశ విభజనతో చక్లాలా పాకిస్తానుకు పోయినది. మన పారాషూట్ శిక్షణాలయం ఆగ్రాలో నెలకొన్నది. కొరియా యుద్ధంలో 1951 మార్చి 23న అమెరికా సైనికులతోపాటు మున్సాన్‌నీ వద్ద మన 60వ పారాషూట్ ఫీల్డ్ అంబులెన్సుకు చెందిన చిన్న వైద్యబృందం దూకినది. దాని నాయకుడు పదేళ్ళ క్రితం తొలిసారి దూకిన ఆ రంగరాజే. అప్పటికి ఆయన లెఫ్టినెంట్ కర్నలు. ఆయనకు మహావీరచక్రం లభించినది. కాని ఒక పూర్తి పటాలం యుద్ధరంగంలో దూకే అవసరం స్వతంత్ర భారతదేశానికి 1971 డిసెంబరు 11వరకు కలుగలేదు. ఆనాడు తూర్పు బెంగాలులోని తంగాయిల్ వద్ద పారాషూట్ రెజిమెంటు రెండవ పటాలం దిగినది. 1945నుండి లెక్కిస్తే 26 ఏళ్ళు! యుద్ధానికి అంత విరామం వచ్చినా అభ్యాసానికి విరామం రాకుండా ఆగ్రా శిక్షణాలయం కాపాడినది. ఒక తరం చేతిలోని విద్య మరొక తరం చేతికి అందుతూ వచ్చినది గనుకనే ఆ సాయంకాలం పని నెరవేరినది. “అభ్యాసం కూసు విద్య” అన్న మన సామెతకు ఇంతకంటె వ్యాఖ్య అక్కర లేదు.

సైన్యానికి శిక్షణాలయం ఉన్నది, పై అధికారి ఉన్నాడు. తనకు తాను దూకే వ్యక్తి మాటేమిటి? ఇక్కడ జోసెఫ్ కిట్టింగర్ చరిత్ర చెప్పుకోవాలి. ఆయన అమెరికా వైమానిక దళ అధికారి. 1959 నవంబరు 16న సుమారు 76,000 అడుగుల ఎత్తున బెలూనునుండి దూకాడు. దేహాన్ని నిలకడగా ఉంచవలసిన చిన్న గొడుగు వేళకు ముందే బయటపడి, దాని త్రాళ్ళు ఆయన మెడకు చుట్టుకొన్నవి. బొంగరంవలె తిరుగుతూ స్పృహ తప్పాడు. తనంతట తాను పనిచేసే యంత్రం అత్యవసరపు గొడుగును తెరవడంవల్ల బ్రతికాడు. ఒక నెల తిరగకముందే, డిసెంబరు 11న, ఆయన మళ్ళీ దూకాడు. దీనిని సాహసమని మాత్రమే అనుకొంటే సగం సత్యమే అవుతుంది. ఆ ఇరవై అయిదు రోజులలో చిన్న గొడుగు ఎందుకు తొందరపడినదో ఆయన బృందం వెదకి తెలుసుకొన్నది. కారణం తెలిసిన తరువాతనే మరల పైకి వెళ్ళాడు. 1960 ఆగస్టు 16న 1,02,800 అడుగుల ఎత్తునుండి దూకి సురక్షితంగా దిగాడు.

తరువాత ఐదు దశాబ్దాలకు, ఆస్ట్రియా దేశస్థుడు ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అంతకంటె ఎత్తునుండి దూక సంకల్పించినప్పుడు, ఈ కిట్టింగరే సలహాదారుడుగా ఉన్నాడు. వేలసార్లు దూకిన ఆ వీరుడికి ఒక చిత్రమైన అడ్డంకి ఎదురైనది. ప్రాణరక్షణకై ధరించవలసిన బిగువైన కవచంలో ఊపిరి ఆడనట్లు భయం పుట్టి, సాధన విడిచి వెళ్ళిపోయాడు. అతడు సిగ్గుపడి దాచుకొనలేదు. మనోవైజ్ఞానికుని సాయంతో ఆ కవచంలో కొద్దికొద్దిసేపు గడుపుతూ అలవాటు చేసుకొని, తిరిగి వచ్చాడు. 2012 అక్టోబరు 14న సుమారు 39 కిలోమీటర్ల ఎత్తునుండి దూకి, ధ్వనివేగాన్ని మించాడు. విరామానికి కారణం యంత్రమైతే యంత్రాన్ని, మనస్సైతే మనస్సును సరిచేసుకొన్న తరువాతనే తిరిగి రావాలని ఈ ఇద్దరి చరిత్ర చాటుతున్నది.

ఇక వినోదంకోసం, క్రీడగా దూకేవారి సంగతి. యుద్ధానంతరం ఈ క్రీడ ఐరోపా, అమెరికా ఖండాలలో విస్తరించినది. ఉద్యోగం వచ్చినదనో, పెళ్ళి అయినదనో, బిడ్డలు పుట్టారనో కొన్నేళ్ళు మానినవారు తిరిగి రావడం అక్కడ సాధారణం. వారికి ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, వారు లేని కాలంలో గొడుగే మారిపోయినది. 1970కి ముందు నేర్చినవాడి గొడుగు గుండ్రనిది. గాలి ఎటు తోస్తే చాలావరకు అటే పోతుంది. గాలిపటాలు కట్టడంలో నిపుణుడైన డోమినా జాల్బర్ట్ 1960 దశకంలో రూపొందించిన గొడుగు దీర్ఘచతురస్రాకారం కలది. గాలి నిండిన అరలతో పక్షి రెక్కవలె ఎగురుతుంది. మొదటిదానితో దిగేవాడు దొర్లడం నేర్చాడు. రెండవదానితో దిగేవాడు నేల సమీపించగానే రెండు పగ్గాలను సమంగా క్రిందికి లాగి, వేగాన్ని చంపి, నడిచినట్లు దిగాలి. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు దానిని గట్టిగా ఒక ప్రక్కకు త్రిప్పితే అది మనిషిని నేలకు కొడుతుంది. నేటి దుర్మరణాలలో చెప్పుకోదగినంత భాగం, చక్కగా తెరుచుకొన్న మంచి గొడుగు క్రిందనే సంభవిస్తున్నవి.

చేతి పిడులు కూడా మారినవి. ఒకప్పుడు రొమ్ము దగ్గర లాగవలసిన త్రాడుకు బదులు, నడుము వెనుకనుండి ఒక చిన్న సహాయపు గొడుగును చేత్తో గాలిలోకి విసరడం వచ్చినది. చెడిన గొడుగును వదిలించుకొనడానికి బిల్ బూత్ 1970 దశకంలో మూడు వలయాల అమరికను కనిపెట్టాడు. దానితో ఒక్క పిడి లాగితే చెడిన గొడుగు పూర్తిగా విడిపోతుంది. 1991లో జర్మనీ దేశంలో హెల్ముట్ క్లోట్ తయారుచేసిన చిన్న పరికరం, మనిషి ఇంకా అతివేగంగా పడుతూ సుమారు 750 అడుగులకు వస్తే, అదనపు గొడుగును తానే తెరుస్తుంది. ఇవన్నీ ప్రాణాలు కాపాడే మార్పులే. అయితే ఆపద వేళ పాతవాడి చేయి పాత చోటికే పోతుంది! పడే మనిషి వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. వెయ్యి అడుగులు దాటడానికి అయిదారు సెకండ్లు చాలును. ఆ కాలంలో పిడికోసం వెదికే తీరిక ఉండదు.

అందుచేతనే ఈ క్రీడకు నియమాలు ఏర్పడినవి. అమెరికా పారాషూట్ సంఘంవారి సూచనల ప్రకారం, విద్యార్థి 30 దినాలు దూకకపోతే మరల శిక్షకుని కనుసన్నలలో దూకాలి. మొదటి తరగతి లైసెన్సు కలవాడికి 60 దినాలు, రెండవ తరగతివాడికి 90 దినాలు ఆ గడువు. గొడుగుకు కూడా విరామపు లెక్క ఉన్నది. వాడకపోయినా సరే, అదనపు గొడుగును అర్హత కలిగిన నిపుణుడు గడువులోగా విప్పి, పరీక్షించి, మరల మడతపెట్టాలి. అమెరికా ప్రభుత్వం విధించిన ఈ గడువు 2008నుండి 180 దినాలు. అంతకుముందు ఇంకా తక్కువ.

తిరిగి వచ్చేవాడిని మంచి శిక్షకుడు “ఎన్నిసార్లు దూకారు?” అని ముందుగా అడగడు, “చివరిసారి ఎప్పుడు దూకారు?” అని అడుగుతాడు. జవాబు విని నేలమీదనే పని మొదలుపెడతాడు. పైన కట్టిన పట్టీలలో వ్రేలాడదీసి, గొడుగు చిక్కుపడినదని చెప్పి, పిడులను చూడకుండా అందుకొనేంతవరకు మళ్ళీ మళ్ళీ చేయిస్తాడు. గుండెను, మోకాళ్ళను, కంటిచూపును వైద్యునిచేత పరీక్ష చేయించుకొమ్మంటాడు. శరీరపు బరువు చూస్తాడు. గొడుగు విస్తీర్ణం మారదుగాని దాని క్రింద మనిషి బరువు పెరుగుతుంది. పెరిగితే అదే గొడుగు వేగంగా దిగుతుంది. కనుక మొదట కొన్నిసార్లు పెద్ద గొడుగును ఇస్తాడు. గాలి నెమ్మదిగా ఉన్న రోజు ఎన్నుకొంటాడు. మొదటిసారి మిత్రబృందంతో కలిసి విన్యాసాలు చేయనీయడు. ఎత్తు చూపే ముల్లును గమనించడం, నిర్ణీతమైన ఎత్తున గొడుగు తెరవడం, విశాలమైన చోట నేరుగా దిగడం, ఈ మూడే ఆనాటి పని. ఇది అవమానమని భావించి దాటవేసేవాడే ప్రమాదానికి దగ్గరైనవాడు.

ఈ దృష్టి మన గ్రామసీమలకు కూడా వస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికులకు కాటమయ్య పేరిట రక్షణ కిట్లను పంపిణీ చేయడం ఆరంభించినది. మోకు జారినా మనిషి నేలకు పడకుండా పట్టి ఉంచడం వాటి ఉద్దేశం. గాలిగొడుగువానికి అదనపు గొడుగు ఎట్లాంటిదో గౌడన్నకు ఇది అట్లాంటిది. రెండింటికీ ఒకే షరతు: ఆపద రాకముందే చేయి దానికి అలవాటుపడాలి.

వరంగల్లు దగ్గరి మామునూరు విమానాశ్రయం నిజాం కాలంలో 1930లో వెలసినది. 1981లో మూతపడినది. 2025లో దాని పునరుద్ధరణకు కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చినది. ఒకప్పుడు విమానాలు దిగిన నేల కదా అని రేపే విమానాన్ని దింపరు. భూమి కొలవాలి, బాట పొడిగించాలి, కొత్త విమానాల బరువుకు తగినట్లు గట్టిపరచాలి. నలభై ఏళ్ళకు పైగా విశ్రమించిన నేలకే ఇంత సిద్ధత అవసరమైనప్పుడు, కండరాలూ నరాలూ జ్ఞాపకమూ గల మనిషి తనను తాను పరీక్షించుకొనడంలో చిన్నతనమేమున్నది? ఆకాశం ఎప్పటిదే. తిరిగి వచ్చేవాడు తాను ఎప్పటివాడినేనా అని నేలమీద ఉండగానే చూసుకోవాలి.